కొలిమిలో కురచైన రింగు

మద్రాసు నుంచి కొత్త వల వచ్చిన రోజున, నిచ్చెన ఎక్కి దాన్ని రింగుకు కట్టే పని నా మీద పడింది. జట్టులో అందరికంటే పొడుగు నేను కాను. కానీ ముడులన్నీ ఒకే తీరుగా వేసే ఓపిక ఉన్నవాణ్ని నేనొక్కణ్నే. కర్నూల్లో మా కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటస్థలం నల్లరేగడి నేల. పైన ఎర్రమట్టి పోసి గట్టి చేశారు గానీ, ఎండలకు పడే పగుళ్లు ఆ మట్టిని మింగేసేవి. ఆ నేల మీద నిచ్చెన కుదురుగా నిలవలేదు. కింద మా కెప్టెన్ దాన్ని రెండు చేతులా పట్టుకుని, "బిరీన కానీప్పా, చేతులు పీకుతాండాయి" అని గొణుగుతున్నాడు.

వలకు ఎన్ని ఉచ్చులున్నాయో రింగు కింద అన్ని కొక్కేలు ఉన్నాయి. అన్నీ తగిలించాను. అయినా వల బిగుతుగా నిలవలేదు. కొక్కేనికీ కొక్కేనికీ మధ్య వదులై, కుచ్చిళ్లు పోసినట్టు ముడతలు పడింది. పాత వల కూడా ఇలాగే ఉండేది. అది వానకు తడిసి సాగిందని అనుకునేవాళ్లం. ఇది మాత్రం పెట్టె విప్పి ఇంకా పూట కాలేదు.

జేబులో నూలు దారం ఉంచుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. దాన్ని రింగు లోపలి అంచు వెంట తిప్పి, కలిసిన చోట ముడి వేసి, కిందికి దిగాను. డ్రిల్లు మాస్టారి గది గోడకు ఆట కొలతల కాగితం అంటించి ఉంటుంది. రింగు అడ్డం పద్దెనిమిది అంగుళాలుండాలని అందులో ఉంది. నా దారం లెక్కన మాది పదిహేడుకు మించదు. మళ్లీ వెళ్లి రెండో వైపు రింగు కొలిచాను. అదీ అంతే. రెండూ ఒక కొలిమిలో పుట్టిన కవలలు.

దారం చేతిలో పట్టుకుని ఎండలో అలాగే నిలబడిపోయాను. అందుకు కారణం మా నాన్న.

మాది నందికొట్కూరు దగ్గర పల్లె. జొన్న, కొర్ర పండే మెట్ట భూమి. మా చిన్నాన్న వేరు పడ్డాక మా వంతు భూమికి మనుషులు చాలలేదు. ఇంటర్మీడియట్‌లో నేను ఒకసారి తప్పడానికి బంతే కారణమని నాన్న గట్టిగా నమ్మాడు. కాలేజీ మాన్పించడానికి వచ్చినప్పుడు డ్రిల్లు మాస్టారు ఆయన్ను కూర్చోబెట్టి, "యూనివర్సిటీ జట్టులోకి పోయినోళ్లను పోలీసోళ్లు, రైల్వే వాళ్లు పిలిచి ఉద్యోగమిస్తాండారు" అని చెప్పారు. నాన్న విని, తలపాగా సర్దుకుని, ఒకే మాట అన్నాడు. "అట్లయితే ఆడికి పోనీ సామీ. ఈ ఏడు పోకుంటే మాత్రం బంతీ వద్దు, కాలేజీ వద్దు. నా కొడుకు నాతో వస్తాడు." ఇద్దరూ ఒప్పుకున్నారు. నన్నెవరూ అడగలేదు.

విశ్వవిద్యాలయం కొత్తగా పెట్టిన రోజులవి. మొదటి జట్టును అప్పుడే కూరుస్తున్నారు. మిగతా కాలేజీల నుంచి ఏరుకోవడం అయిపోయింది. బంతి వేసేవాడి చోటు ఒక్కటే మిగిలింది. ఆదివారం కడప కాలేజీ జట్టు మా ఊరికి వస్తుంది. ఎంపిక చేసే పెద్దమనిషి ఆ ఆట చూసి, ఆ చోటుకు ఒకణ్ని తీసుకుంటాడు. అది నేనన్నా కావాలి, కడప జట్టులో కమలాపురం వైపు నుంచి వచ్చిన పొడుగాటి కుర్రాడన్నా కావాలి. మూడో మనిషి లేడు.

ఆ కుర్రాడు నాకంటే మంచి ఆటగాడని కడపలో అందరూ అనేవాళ్లు. మా ఊళ్లో మాత్రం అతని ఆట సాగేది కాదు. రింగు మూతి దాకా వచ్చిన బంతి చుట్టూ తిరిగి బయటికి దూకేది. "మీ ఊరి రింగుకు మా మొగం పడదప్పా" అని నవ్వుతూ పోయేవాడు. మేము కడపకు వెళ్లినప్పుడు నాకూ అదే గతి పట్టేది. కొత్త చోటు, గాలి ఎక్కువ అని సర్ది చెప్పుకునేవాణ్ని.

నా ఆట మొత్తం లెక్కే. ఎవరూ నేర్పలేదు. పల్లెలో బంతి ముఖం చూసి ఎరగను. కాలేజీలో చేరిన కొత్తలో గీత బయట కూర్చుని, రింగు వెనక చెక్కకు ఎక్కడ తగిలితే బంతి ఎక్కడ పడుతుందో చూస్తూ గడిపాను. తర్వాత చెక్క మీద సుద్దతో చుక్కలు పెట్టుకున్నాను. ఎడమ మూల నుంచైతే ఈ చుక్క, కుడి వైపు నుంచైతే ఆ చుక్క. చుక్కలు చెరిపేశాక కూడా నాకు అవి కనిపిస్తూనే ఉండేవి. జట్టులో నన్ను లెక్కలోడా అని పిలిచేవాళ్లు. ఇవాళ ఏ కట్టడానికి ఎంత రాయి, ఎంత సున్నం పడుతుందో చెప్పి బతుకుతున్నానంటే, ఆ విద్యకు మొదలు అక్కడే.

దారం తీసుకుని డ్రిల్లు మాస్టారి గదికి వెళ్లాను.

"సార్, రింగు అంగుళం చిన్నగా ఉండాది."

"యా రింగు?"

"రెండూ సార్."

ఆయన దారాన్ని చూశారు. గోడ మీది కాగితాన్ని చూశారు. తర్వాత తలుపు వైపు చూశారు. "ఎవురికి చెప్పినావు?"

"కెప్టెన్‌కు తెలుసు సార్. నిచ్చెన పట్టుకున్నాడు."

"అయితే ఊరంతా తెలిసినట్లే." లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చారు. "సూడప్పా. ఆ రింగులో నువ్వు మూడేండ్లుగా వేస్తాండావు. ఆ కడపోడు ఎప్పుడో ఒకసారి వచ్చి వేసి పోతాడు. ఆదివారం దాంట్లో ఎవురికి పడతాది?"

"నాకే సార్."

"మల్ల? గమ్మునుండు."

"గమ్మునుంటే ఎట్ల సార్? నాకు వేసేది వచ్చి గెలుస్తాండానో, రింగు వాళ్లకు అడ్డం పడి గెలుస్తాండానో నాకెట్ల తెలుస్తాది?"

"పెద్ద ఇంజనీరువి. పో."

గొప్ప న్యాయం కోసం అడిగిన మాట కాదది. కొలత తప్పిన వస్తువు ఎదురుగా ఉంటే నాకు తిన్నది అరగదు. అంతే. బయటికి వచ్చేసరికి కెప్టెన్ నా కోసం కాచుకుని ఉన్నాడు. "నీ నోట్లో నువ్వే మన్ను పోసుకుంటాండావు కదరా. మీ నాయన గడువు మర్చిపోతివా? ఒక్క ఆదివారం ఓర్చుకుంటే నీ పని అయిపోతాది. సోమవారం కొలుచుకో, ఎన్నిసార్లు కొలుస్తావో." నా భయమూ అదే.

మర్నాడు పొద్దున డ్రిల్లు మాస్టారే హాస్టలుకు వచ్చారు. రాత్రి నిద్ర పోలేదని ఆయన కళ్లు చెప్తున్నాయి. "ఆదివారం ఎంపికకు వచ్చేటాయన జేబులో టేపు పెట్టుకోని తిరుగుతాడంట. అనంతపురంలో నేల మీద గీతలు కూడా కొలిచినాడంట. నా మెడకు చుట్టుకుంటాది. రా, కొలిమికి పోదాం."

రాజధాని మా ఊరికి వచ్చిన కొత్త అది. ఆఫీసులకు ఇళ్లు చాలక మైదానాల్లో గుడారాలు వేశారు. ఊళ్లో ప్రతి కొలిమిలోనూ గుడారం మేకులే కొడుతున్నారు. బురుజు దాటాక ఉన్న కొలిమిలో మా రింగులు చేసిన పెద్దాయన కూడా మేకుల గుట్ట పక్కనే కూర్చుని ఉన్నాడు. బండి చక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కించడంలో ఆయనకు మంచి పేరు. మాస్టారు మెల్లగా మొదలుపెట్టారు. "పెద్దాయనా, అప్పుడు చేసిన రింగులు రోంత కురచైనట్లుండాయి."

"కురచ కాకుండా ఎట్లుంటాయి సామీ? నేను కోసిందే కురచగా." ఆయనకు ఆశ్చర్యమే కలగలేదు. "మీరు దారమిస్తిరి. దారానికి నాలుగు వేళ్లు తగ్గించి కోస్తి. పట్టా కురచగా ఉంటేనే కదా, కాల్చి ఎక్కిస్తే చల్లారినాక చక్రాన్ని కరుచుకునేది."

"దీని లోపల చక్రం ఉండదు పెద్దాయనా. ఖాళీ."

"ఖాళీనా?" సమ్మెట పక్కన పెట్టాడు. "ఖాళీకి పట్టా యేయించుకునేటోళ్లను ఇప్పుడే సూస్తాండా. దాంట్లో యేం పెడతారు?"

"ఏం పెట్టం. బంతి పైనుంచి వేస్తే కిందికి పడతాది."

"కిందికే పడేదానికి ఇదంతా ఎందుకప్పా?"

మాస్టారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను లోపల లెక్క వేసుకుంటున్నాను. నాలుగు వేళ్లంటే సుమారు మూడంగుళాలు. చుట్టుకొలతలో మూడు తగ్గితే అడ్డంలో అంగుళం తగ్గుతుంది. ఆయన చెప్పిందీ నా దారం చెప్పిందీ సరిపోయాయి. లెక్క కుదిరినందుకు ఆ భయంలో కూడా నాకు కొంత ఊరటగా అనిపించింది.

మేకుల పని ఆపితే ఆఫీసు వాళ్లు ఊరుకోరని పెద్దాయన చెప్పాడు. ఎంత బతిమాలినా ఆదివారానికి ఒక్క రింగే ఇస్తానన్నాడు. ఇచ్చిన మాట ప్రకారం ఆదివారం పొద్దున తానే మోసుకొచ్చాడు. పుచ్చిన పాత చెక్క తీసేసి కొత్త చెక్క వేశాం. కొత్త బోల్టులతో రింగు బిగించాం. నేను దారం పెట్టి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. ఆ వైపు కొత్త రింగు, ఈ వైపు పాతది. సగం ఆట అయ్యాక రెండు జట్లూ వైపులు మారతాయి కాబట్టి ఇద్దరికీ రెండూ సమానంగా వస్తాయి. మాస్టారు ఈ మాట ఎంపిక పెద్దమనిషికి దాచకుండా చెప్పారు. ఆయన నిజంగానే టేపు తీసి రెండు వైపులా కొలుచుకుని తల ఊపాడు.

కడప కుర్రాడు సంగతి విని చేతులు నడుం మీద పెట్టుకున్నాడు. "అందుకేనా! మీ ఊరికొచ్చి పోయినప్పుడల్లా మా యమ్మ నాకు దిష్టి తీస్తాండాదప్పా. ఆ మిరపకాయల లెక్కెవురిస్తారు?"

"కమ్మరాయన్ను అడుగు" అన్నాను.

"నిన్నే అడగల్ల. కొలిచింది నువ్వంట కదా." నా భుజం మీద ఒకటి చరిచాడు. "పిచ్చోడివప్పా నువ్వు" అని వెళ్లిపోయాడు.

ఏ వైపు ముందో ఎంచుకునే హక్కు పై ఊరి నుంచి వచ్చిన జట్టుది. చేదు ముందే మింగేస్తామని వాళ్లు మొదటి సగానికి పాత రింగు తీసుకున్నారు. మాకు కొత్తది వచ్చింది. పైకి ఏమీ అనలేదు గానీ లోపల సంతోషించాను. ఇంత వెడల్పు రింగులో మొదట వేసి, చివర్లో నాకు అలవాటైన పాత రింగుకు వస్తాను. ఇంతకంటే ఏం కావాలి?

అప్పుడే గీత పక్కన నాన్న కనిపించాడు. మొదటి బస్సుకే వచ్చినట్టున్నాడు. చంకలో మడిచిన ఖాళీ గోనెసంచి ఉంది. అది నా పక్కబట్టలకూ పుస్తకాలకూ అని నాకు చెప్పకుండానే తెలిసింది. పలకరించడానికి పోతే, "ఆడుకో పో" అని మాత్రం అన్నాడు.

ఈల మోగింది. మొదటి బంతి ఎడమ మూల నుంచి వేశాను. నేను చూసుకున్న చుక్కకే తగిలింది. అక్కడి నుంచి రింగు మీద పడి, ఎవరో తన్నినట్టు ఎగిరి గీత అవతలికి పోయింది. చెయ్యి తడబడిందనుకున్నాను. రెండోది కుడి వైపు నుంచి వేశాను. అదీ ఎగిరిపోయింది. మూడోది, నాలుగోది అలాగే పోయాయి. వెడల్పయిన రింగు నన్ను తోసేస్తున్నట్టుంది. కెప్టెన్ పరుగెడుతూనే, "వేయరా! కావాలని పెద్దది చేయిస్తివి కదా, వేయి!" అని అరిచాడు. తర్వాతి బంతి నా చేతికి వస్తే వేయడానికి భయపడి పక్కవాడికి ఇచ్చేశాను. అంతకు ముందు నేనెన్నడూ ఆ పని చేయలేదు. అవతల కడప కుర్రాడు చిన్న రింగుతో కుస్తీ పడుతున్నాడు. పడినవి కొన్ని, పడనివి కొన్ని. కానీ అతను వేయడం మానలేదు.

సగం ఆట ముగిసేసరికి మేము బాగా వెనకబడ్డాం. నావి రెండంటే రెండే పడ్డాయి. నాన్న వైపు చూడలేదు. గోనెసంచి వైపు చూశాను. అది ఇప్పుడు ఆయన ఒళ్లో ఉంది.

నీళ్లు తాగుతూ కొత్త రింగు స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. ఎవరో బంతి విసిరితే రింగుకు తగిలింది. స్తంభం నా వీపులో జివ్వుమంది. లేచి పాత రింగు దగ్గరికి పోయి ఆ స్తంభం మీద చెయ్యి వేశాను. కడప వాళ్లలో ఒకడు వేసిన బంతి రింగుకు తగిలింది. చేతికి ఏమీ తెలియలేదు. చెక్క పుచ్చి, బోల్టులు వదులై, పిల్లకాయలు వేలాడి వేలాడి ఆ రింగు చచ్చుబడి ఉంది. బంతి ఎంత గట్టిగా తగిలినా దాని జోరు మింగేసి లోపలికి జార్చుకుంటుంది. మూడేళ్లు నేను నేర్చుకున్నది అలాంటి రింగులోకి గట్టిగా, నేరుగా కొట్టడం. కడపలో నా బంతులన్నీ ఎందుకు ఎగిరిపోయాయో అప్పుడు అర్థమైంది. అక్కడివన్నీ బిగువైన రింగులు. అంగుళం తేడా పట్టుకున్నవాణ్ని, బిగువును లెక్కలోకి తీసుకోలేదు. దారం వెడల్పు చెప్తుంది గానీ బిగువు చెప్పదు.

తెలిసింది. కానీ నేను వేయాల్సింది ఇప్పుడు పాత రింగులో.

రెండో సగంలో నా చేతులు నాకు తిరిగి వచ్చాయి. ఎడమ మూల, కుడి వైపు, నడిమి గీత, ఎక్కడి నుంచి వేసినా చచ్చుబడిన రింగు బంతిని మింగింది. జనం లేచి నిలబడ్డారు. కానీ అవతలి వైపు కడప కుర్రాడు కూడా వేస్తూనే ఉన్నాడు. బంతిని ఎత్తుగా లేపి, ఇనుముకు తగలకుండా నడిమికి దించుతున్నాడు. మేము రెండు దగ్గరికి వస్తే వాళ్లు ఒకటి దూరం పోయేవాళ్లు. నోట్లో దుమ్ము కరకరలాడుతోంది. చివరి నిమిషంలో వాళ్లది ఒక్క పాయింటు ఎక్కువ. కెప్టెన్ బంతి నా చేతిలో పెట్టాడు. ఇద్దరు మీదికి వచ్చారు. ఎడమ మూలకు జరిగి, ఎన్నడో చెరిపేసిన సుద్ద చుక్కను చూసి కొట్టాను. చెక్క, ఇనుము, వల. ఈల మోగింది.

నన్ను భుజాల మీదికి ఎత్తేశారు. ఆ ఎత్తు నుంచి చూస్తే ఎంపిక పెద్దమనిషి డ్రిల్లు మాస్టారితో మాట్లాడుతున్నాడు. మాస్టారు నేల వైపు చూస్తున్నారు. నన్ను దించమని చెప్పాను. దించలేదు. గట్టిగా అరిచాక దించారు.

ఆయన నాతో మంచిగానే మాట్లాడాడు. "నీవే ఎక్కువ పడ్డాయి బాబూ. కానీ అన్నీ ఒక్క వైపే పడ్డాయి. ఆ అబ్బాయివి రెండు వైపులా పడ్డాయి. మేము ఆడబోయే ఊళ్లలో ఈ పాత రింగు ఉండదు."

వాదించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ లెక్క నేను వేసినా అలాగే వచ్చేది. "అవును సార్" అన్నాను.

నాన్న దగ్గరికి నడిచాను. ఆయన ముందే విన్నాడు. "ఆ రింగు కురచని చెప్పింది నువ్వేనంట కదా?" అన్నాడు.

"ఊ."

"చెప్పకుంటే?"

"ఏమో నాయనా. నన్నే తీసుకునేటోళ్లేమో."

తిడతాడనుకున్నాను. మెచ్చుకుంటాడేమోనన్న ఆశ కూడా ఒక మూల ఉంది. రెండూ చేయలేదు. "మాట మాటే కదా" అని గోనెసంచి నా చేతికిచ్చాడు. "సర్దుకో పో. సాయంత్రం బస్సుకు పోదాం."

సర్దుకోవడానికి ఎంతో సేపు పట్టలేదు. మూట భుజాన వేసుకుని ఆటస్థలం మీదుగా వస్తుంటే కడప కుర్రాడు ఒక్కడే కొత్త రింగు కింద నిలబడి ఉన్నాడు. అతని జట్టు సామాను సర్దుకుంటోంది. నన్ను చూసి బంతి విసిరాడు. మూట కింద పడేసి పట్టుకున్నాను.

"పోతాండావంట?"

"పోతాండా."

"అయితే దీంట్లో వేసి పో. పొద్దుటి నుంచి దీన్ని శానా తిట్టుకుంటాంటివి."

ఎడమ మూలకు పోయాను. ఈసారి చుక్క చూడలేదు. స్తంభం జివ్వుమన్నది వీపుకు గుర్తుంది. బంతిని మెత్తగా, ఎత్తుగా లేపాను. ఇనుము ఊసే లేకుండా వలలోకి దిగింది. అతను తిరిగి విసిరాడు. మళ్లీ వేశాను. పడింది. కుడి వైపు నుంచి వేశాను. పడింది. నడిమి గీత మీద నుంచి కూడా పడింది. బంతి పడుతోంది, అతను తెచ్చిస్తున్నాడు, నేను వేస్తున్నాను. ఎన్ని వేశానో లెక్కపెట్టలేదు. నా జీవితంలో అలా లెక్కపెట్టని సందర్భాలు తక్కువ.

చివరికి అతను బంతి తన దగ్గరే ఉంచుకున్నాడు. "ఇదేదో పొద్దున్నే వేసింటే, ఆ మూట నేను మోస్తాంటి కదప్పా" అన్నాడు. నవ్వలేదు.

"పొద్దున తెలీలే" అన్నాను.

గీత అవతల నాన్న నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. నన్ను పిలవలేదు. పడుతున్న బంతినీ నన్నూ మార్చి మార్చి చూస్తున్నాడు. దగ్గరికి వెళ్లాక, "అయిపోయిందా?" అని అడిగాడు.

"అయిపోయింది నాయనా."

ఆయన వంగి మూట తన భుజానికి ఎత్తుకున్నాడు. నేను తీసుకోబోతే ఇవ్వలేదు. బస్సు దాకా తానే మోశాడు.